బొగ్గు బొక్కెనలు, బొగ్గు పెట్టెలు: పాత బ్రిటిష్ ఇళ్ల సామాను మీద తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లండులో ఉంటున్న తెలుగువాళ్లు ఆదివారం సంతలో ఇత్తడి కనిపిస్తే ఆగకుండా ముందుకు పోలేరు. కొని ఇంటికి తెచ్చాక ఫొటో తీసి, "ఇది దేనికి వాడేవారండీ?" అని అడుగుతారు. నాకు అలా వచ్చే ప్రశ్నల్లో ఎక్కువ భాగం బొగ్గు సామాను గురించే. వీటిని కొంటూ, అప్పుడప్పుడూ మోసపోతూ, ఒకసారి చేతులారా పాడుచేసుకుంటూ నేర్చుకున్నది ఇక్కడ రాశాను.

ఏటవాలు మూతి ఉన్న ఈ ఇత్తడి పాత్ర ఏమిటి? పూలకుండీయా?

పూలకుండీగా వాడుకునేవాళ్లు చాలామందే ఉన్నారు కానీ, పుట్టుకతో అది బొగ్గు బొక్కెన. ఇంగ్లీషులో కోల్ స్కటిల్ అంటారు. 20వ శతాబ్దం సగం దాకా బ్రిటన్‌లో చాలా ఇళ్లు చలికాలం గట్టెక్కింది గదుల్లోని ఫైర్‌ప్లేసుల్లో రాక్షసిబొగ్గు మండించుకునే. బొగ్గు ఉండేది నేలమాళిగలో, పొయ్యి ఉండేది పై గదిలో. అక్కడి నుంచి ఇక్కడికి మోయడానికి ఒక పాత్ర కావాలి, తెచ్చింది పొయ్యి పక్కన ఉంచడానికి ఒక పాత్ర కావాలి. మామూలు ఇళ్లలో ఆ రెండూ ఒకటే. డబ్బున్న ఇళ్లలో మోసే పాత్ర వేరు, నలుగురికీ కనిపించే పాత్ర వేరు. సంతలో ఏది కనిపించినా ముందు అది మోసేదా, చూపించేదా అని అడగండి. మిగతా సందేహాల్లో సగం అక్కడే తీరిపోతాయి.

స్కటిల్ అనే పేరు ఎక్కడిది?

పళ్లెం అనే అర్థం ఉన్న లాటిన్ మాట స్కుటెల్లా నుంచి వచ్చింది. బొగ్గుకు ముందు ఇంగ్లండు పల్లెల్లో ఆ మాటను ధాన్యం చెరిగే వెడల్పాటి బుట్టకు కూడా వాడేవారు. మన చేట అన్నమాట. బొగ్గు బొక్కెన ముందు భాగం చూడండి, వెనక లోతుగా ఉండి ముందుకు వచ్చేకొద్దీ పలచబడి, చేట మూతిలా పైకి లేచి ఉంటుంది. గరిటె లేకుండానే వంచి బొగ్గు పోయడానికి ఆ మూతి. అమెరికాలో దీన్నే ఎక్కువగా హాడ్ అంటారు. అక్కడ కనిపించేవి చాలావరకు జింకు పూత పూసిన మామూలు ఇనుప రేకువి.

ఎన్ని రకాలు ఉన్నాయి?

వ్యాపారులు చెప్పే పేర్లు చాలా ఉన్నాయి. ముఖ్యమైనవి నాలుగు తెలిస్తే చాలు.

మొదటిది హెల్మెట్ స్కటిల్. యోధుడి శిరస్త్రాణాన్ని తిరగేసి, కింద చిన్న పీట లాంటి పాదం అతికించినట్టు ఉంటుంది. రాగివి, ఇత్తడివి ఎక్కువ. పైన ఊగే పిడి ఒకటి, వెనక వీపున చిన్న పిడి మరొకటి. ఎడమచేత్తో పై పిడి పట్టుకుని, కుడిచేత్తో వెనక పిడి ఎత్తితే బొగ్గు పొయ్యిలోకి జారుతుంది. ఒకసారి ఖాళీ బొక్కెనతో ఇలా చేసి చూడండి, పిడులు అక్కడే ఎందుకు ఉన్నాయో చెయ్యి చెబుతుంది. శిరస్త్రాణం పోలిక తర్వాత అటు నుంచి ఇటు తిరిగింది. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైనికుల కొత్త ఉక్కు టోపీని చూసి బ్రిటిష్ సైనికులు దానికి 'బొగ్గు బొక్కెన టోపీ' అని పేరు పెట్టారు. అంతకు చాలా ముందే ముఖం చుట్టూ ముందుకు పొడుచుకొచ్చే ఆడవాళ్ల టోపీలకు కూడా ఆ పేరు ఉండేది.

రెండోది సాదా బొక్కెన, నల్ల రేకుది. వంటింటికీ నేలమాళిగకూ మధ్య తిరిగినది ఇదే. దీన్ని దాచినవాళ్లు తక్కువ, తుప్పు పట్టగానే పారేశారు.

మూడోది పర్డోనియం. పేరు విని మందు సీసా అనుకోకండి. పర్డన్ అనే ఆయన కనిపెట్టాడని, ఆయన పేరే దీనికి వచ్చిందని చెబుతారు. 19వ శతాబ్దం నడిమికల్లా వాడుకలోకి వచ్చింది. చూడటానికి చిన్న చెక్క బీరువా. మహోగనితోనో వాల్‌నట్‌తోనో చేసి, ముందు ఏటవాలు మూత, పైన ఇత్తడి పిడి, వెనక చిన్న పార దోపుకోవడానికి పట్టీ పెడతారు. మూత తెరిస్తే లోపల రేకు డబ్బా. పెట్టె హాల్లో కదలకుండా ఉంటుంది, డబ్బా మాత్రమే కిందికి వెళ్లి నిండి వస్తుంది. తివాచీ మీద నల్ల మరక పడదు, వచ్చిన చుట్టాలకు బొగ్గు కంటపడదు.

నాలుగోది కోల్ వేజ్, అంటే బొగ్గు కూజా. రేకుతో చేసి, నల్లగా నిగనిగలాడే పూత పూసి, బంగారు రంగు తీగలు, గులాబీలు వేసిన మూత పెట్టె. నాకు వీటి మీద పెద్ద ప్రేమ లేదు. బొగ్గును దాచడానికి ఇంత అలంకారమా అనిపిస్తుంది. కానీ పూత చెడకుండా మిగిలినది దొరికితే మాత్రం ఆ పనితనం ముందు నోరు మెదపలేం.

బొగ్గు ఇంట్లోకి ఎలా వచ్చేది?

లండన్‌లో పాత వీధుల్లో నడిచేటప్పుడు కాలిబాట మీద ఒకసారి చూపు వేయండి. ఇంటి గుమ్మం ముందు గుండ్రటి చిన్న ఇనుప మూతలు కనిపిస్తాయి, అడుగుకు కాస్త అటూ ఇటూగా వెడల్పు. వాన పడితే కాలు జారకుండా వాటి మీద పువ్వులో నక్షత్రాలో ఉబ్బెత్తుగా పోత పోసి ఉంటాయి. అవి బొగ్గు కన్నాలు. బండివాడు మూత తీసి బస్తా కుమ్మరిస్తే బొగ్గు నేరుగా కాలిబాట కింది కొట్టులో పడుతుంది, ఇంట్లోకి మసి రాదు. ఒక బస్తా ఒక హండ్రెడ్‌వెయిట్, అంటే 112 పౌండ్లు, మన లెక్కలో దాదాపు 51 కిలోలు. అలాంటివి 20 అయితే ఒక టన్ను.

బండివాడి పని కన్నం దగ్గర అయిపోతుంది. అక్కడి నుంచి పనిపిల్లది. ఇంట్లోవాళ్లు లేవకముందే ఆమె గదిగదికీ వెళ్లి రాత్రి బూడిద ఎత్తాలి, పొయ్యి కమ్మీలకు నల్ల గ్రాఫైటు పూత రుద్దాలి, కొత్తగా నిప్పు అంటించాలి, బొక్కెన నింపి పెట్టాలి. బ్రష్షులు, పూత, గరుకు కాగితం ఉండే ఆమె పెట్టె వేరే. అదీ ఇప్పుడు పాత సామాను కొట్లలో అమ్ముతున్నారు. పెద్ద ఇళ్లలో ఆమె ఎక్కేది వెనక మెట్లు, ముందు మెట్లు యజమానులవి.

ఒక బొక్కెనలో ఎంత బొగ్గు పడుతుంది?

పోగేసిన రాక్షసిబొగ్గు లీటరుకు ముప్పాతిక కిలో దాటి తూగుతుంది. 15 లీటర్ల బొక్కెన నింపితే 12 కిలోలకు అటూ ఇటూగా వస్తుంది, బొక్కెన బరువు అదనం. ఆరు గదుల్లో పొయ్యిలు వెలిగే ఇంట్లో గదికి రోజుకు రెండు బొక్కెనలు అనుకుందాం. 144 కిలోలు, అదీ మెట్ల మీద. పాత హెల్మెట్ స్కటిల్ పిడి నడిమి భాగం కొన్నిటిలో అరిగి నున్నగా, కాస్త సన్నబడి ఉంటుంది. ఆ అరుగుదల కొలతలోకి రాదు, వేలితో తడిమితే తెలుస్తుంది.

కొనేటప్పుడు నిజంగా పాతదో కాదో ఎలా తెలుసుకోవాలి?

బయటి మెరుపు చూడకండి. తలకిందులు చేసి అడుగు చూడండి, తర్వాత లోపల చూడండి. అమ్మేవాళ్లు పైన తోముతారు, లోపల తోమే ఓపిక ఎవరికీ ఉండదు.

జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకోండి. రాగి, ఇత్తడి దానికి అంటుకోవు. ఒళ్లంతా అంటుకుంటే అది ఇత్తడి పూత పూసిన ఇనుప రేకు. అంచు దగ్గర మాత్రమే అంటుకుంటే కంగారు పడకండి. రేకు అంచును ఇనుప తీగ మీదుగా చుట్టి మడవడం పాత పద్ధతే.

అతుకు చూడండి. పాతకాలం రాగి పాత్రల్లో రెండు అంచులనూ పళ్లు పళ్లుగా కత్తిరించి, ఒకదానిలో ఒకటి దూర్చి, కాల్చి అతికేవారు. ఒంటి మీద రంపపు పళ్ల లాంటి సన్నటి గీత కనిపిస్తుంది. అది ఉంటే మంచి గుర్తే. లేనంత మాత్రాన కొత్తదని కాదు, తర్వాత వచ్చిన యంత్రాల కాలంలో మామూలు అతుకులే వేశారు.

మరలు చూడండి. తలమీద కూడిక గుర్తు గాడి ఉన్న మరలు 1930ల తర్వాత వచ్చినవి. విక్టోరియా రాణి కాలం (1837–1901) పెట్టె అని చెప్పి, దాని పిడిని అలాంటి మరతో బిగించి ఉంటే పిడైనా మార్చి ఉండాలి, కథైనా మార్చి ఉండాలి.

లోపల గీతలు ఉండాలి. బొగ్గు రాయి లాంటిది, వందలసార్లు కుమ్మరిస్తే రేకు మీద గాట్లు పడక తప్పదు. ఇనుప పార తగిలే వెనక గోడ మీద చిన్న చిన్న సొట్టలు గుంపుగా ఉంటాయి. లోపల అద్దంలా ఉన్న 'పాత' బొక్కెన ఎన్నడూ బొగ్గు చూడనిదే.

తెలుపు నీలం పింగాణీ పిడి ఉన్న ఇత్తడి బొక్కెనలు హాలెండు నుంచి వచ్చినవి, సాధారణంగా 20వ శతాబ్దపు అలంకార సామాను. తాగుడు కొట్లో కూర్చున్న ముసలివాళ్ల బొమ్మలు ఉబ్బెత్తుగా అచ్చొత్తిన ఇత్తడి పెట్టెలూ ఆ శతాబ్దానివే. ఇష్టమైతే కొనుక్కోండి, 18వ శతాబ్దం ధర మాత్రం పెట్టకండి. ఇంకో మాట. 'విక్టోరియన్' అని చీటీ అంటించిన ఒక బొక్కెనను నేను గీసి గీసి బేరమాడి కొన్నాను. ఇంటికి వచ్చి అడుగు తుడిస్తే మేడ్ ఇన్ ఇండియా అని బయటపడింది. ఇత్తడి సామానుకు పేరుపడ్డ ఏ మొరాదాబాద్‌లోనో పుట్టి నాకంటే ముందే విమానం ఎక్కి ఉంటుంది. దాన్ని అమ్మబుద్ధి కాలేదు, గొడుగులు పెట్టుకుంటున్నాం.

అడుగున వజ్రం ఆకారపు ముద్ర ఉంది. దాని అర్థం?

1842 నుంచి 1883 దాకా బ్రిటన్‌లో ఒక ఆకృతిని రిజిస్టర్ చేయిస్తే ఆ ముద్ర వేసుకునేవారు. పైన చిన్న వలయంలో రోమన్ అంకె ఒకటి ఉంటే లోహపు సామాను, రెండు ఉంటే చెక్క సామాను. మూలల్లోని అక్షరాలు, అంకెలు తేదీ చెబుతాయి. 1867 దాకా సంవత్సరపు అక్షరం పై మూలలో ఉంటుంది, 1868 నుంచి కుడి మూలకు మారింది. 1884లో వజ్రం పోయి వరుస సంఖ్యలు మొదలయ్యాయి. ఒక జాగ్రత్త: ఆ తేదీ ఆకృతి రిజిస్టర్ అయినది, మీ పెట్టె తయారైనది కాదు. బాగా అమ్ముడుపోయిన ఆకృతిని ఏళ్ల తరబడి చేస్తూనే ఉండేవారు.

పేరున్న తయారీదారులు ఎవరు?

చాలావాటి మీద ఏ పేరూ ఉండదు. పేరు ఉన్నవాటిలో లండన్‌కు చెందిన బెన్‌హామ్ అండ్ ఫ్రౌడ్ రాగి, ఇత్తడి పనికి ప్రసిద్ధి. వారి ముద్ర గోళం మీద శిలువ, సెయింట్ పాల్స్ చర్చి శిఖరాన ఉన్నట్టే. బొగ్గుకూ ఆ చర్చికీ ఇంకో సంబంధం కూడా ఉంది. 1666 లండన్ అగ్నిప్రమాదం తర్వాత దాన్ని తిరిగి కట్టడానికి డబ్బు చాలావరకు లండన్‌కు ఓడల్లో దిగే బొగ్గు మీద వేసిన పన్ను నుంచే వచ్చింది. క్రిస్టఫర్ డ్రెస్సర్ (1834–1904) ఈ సంస్థకు ఆకృతులు గీశాడు. అనవసరమైన పూలూ తీగలూ తీసేసిన ఆయన పనికి ఇప్పుడు మంచి గిరాకీ. అందుకే సాదాగా కనిపించే ప్రతి బొక్కెననూ 'డ్రెస్సర్ పద్ధతి' అని అమ్ముతున్నారు. 'పద్ధతి' అన్న మాట వినబడితే ధర సగం చేసి అడగండి.

నల్ల పూత రేకు సామానుకు వుల్వర్‌హాంప్టన్, బిల్‌స్టన్, బర్మింగ్‌హామ్ పెట్టింది పేరు. వుల్వర్‌హాంప్టన్‌లో హెన్రీ లవ్‌రిడ్జ్ సంస్థ బొగ్గు కూజాలు చేసేది.

పర్డోనియంలో రేకు డబ్బా లేదు. కొనవచ్చా?

కొనవచ్చు, ధర తగ్గించి. డబ్బా తుప్పు పట్టి పోవడం మామూలే, చెక్క పెట్టె మిగిలిపోతుంది. రేకు పనివాడు ఎవరైనా కొత్త డబ్బా చేసిస్తాడు. పార కూడా పోయి ఉంటే మాత్రం తొందరపడి వేరే పార తగిలించకండి. వెనక పట్టీ కొలతకు సరిపోనిది పెడితే చూసేవాడికి ఇట్టే తెలిసిపోతుంది.

చింతపండుతో తోమవచ్చా?

అందరూ అడిగేది ఇదే, నేను కాలు జారిందీ ఇక్కడే. మా అమ్మ దీపపు కుందులు తోమినట్టే, ఒక ఇత్తడి బొక్కెనకు చింతపండు గుజ్జు, ఉప్పు పట్టించి, ఇంకా బాగా వస్తుందని రాత్రంతా వదిలేశాను. పొద్దున్నే కడిగితే పసుపుగా మెరవాల్సిన చోట అరచేయంత గులాబీ మచ్చలు. ఇత్తడి అంటే రాగి, తుత్తునాగం కలిసినది. పులుపు ఎక్కువసేపు ఉంటే పైపొరలోని తుత్తునాగాన్ని తినేస్తుంది, రాగి మిగులుతుంది. ఆ మచ్చలు తోమితే పోవు, అరగదీయాలి. అరగదీస్తే ఉన్న చెక్కుడు కూడా పోతుంది.

మన ఇంటి పాత్రలకు చింతపండు సరే, రెండు నిమిషాల్లో కడిగేస్తాం. పాత బొక్కెనకు రెండు చిక్కులు. ఒకటి, విక్టోరియా కాలపు ఇత్తడి మీద తరచూ పలచటి లక్క పూత ఉంటుంది. పులుపు దాన్ని మచ్చలు మచ్చలుగా లేపేస్తుంది. రెండు, వందేళ్ల గోధుమరంగు ఛాయనే కొనేవాళ్లు వెతుకుతారు. గోరువెచ్చని నీళ్లు, ఒక చుక్క మెత్తటి సబ్బు, మెత్తటి గుడ్డ, వెంటనే ఆరబెట్టడం. అంతకు మించి చేయకండి. నల్ల పూత రేకు పెట్టెకైతే నీళ్లు కూడా తడిగుడ్డ వరకే. పూత పగిలిన చోట తడి దూరితే కింద ఇనుము ఉబ్బి, పూత పెంకులు పెంకులుగా రాలుతుంది.

మూత బిగుతుగా ఉన్న ఇత్తడి కుండ దొరికింది. అదీ బొగ్గుదేనా?

బొగ్గు తేవడానికి కాదు, నిప్పు ఆర్పడానికి. డచ్చివాళ్లు పొయ్యిలో మిగిలిన కణికలను దానిలో వేసి మూత పెట్టేవారు. గాలి ఆడక ఆరిపోయిన కణికలు మర్నాటికి పనికొస్తాయి. పొదుపు.

ఇప్పుడు బొగ్గు వేసి వాడుకోవచ్చా?

బొక్కెనకు అభ్యంతరం లేదు, చట్టానికి ఉంది. 1952 డిసెంబరు 5 నుంచి 9 దాకా లండన్‌ను కమ్మేసిన బొగ్గుపొగ మంచులో వేలమంది చనిపోయారు. దాని తర్వాత 1956లో స్వచ్ఛమైన గాలి చట్టం వచ్చింది. 1967 నుంచి పదేళ్లపాటు ఇళ్లన్నిటినీ ఉత్తర సముద్రంలో దొరికిన సహజవాయువుకు మార్చారు. పొయ్యిలు మూశారు, బొక్కెనలు అటక ఎక్కాయి, ఆ ఇళ్లు ఖాళీ అయినప్పుడు సంతకు వచ్చాయి. ఇంగ్లండులో మామూలు ఇంటి బొగ్గు అమ్మకం 2023 మే 1 నుంచి పూర్తిగా ఆగిపోయింది. పొగ తక్కువగా వచ్చే ఇంధనం అమ్ముతారు. మీ ప్రాంతపు నియమం కనుక్కుని దాన్ని వాడండి.

బూడిద మాత్రం ఎప్పుడూ వీటిలో ఎత్తకండి. చల్లారినట్టు కనిపించే బూడిదలో మర్నాటి దాకా నిప్పు ఉంటుంది. చెక్క పెట్టె అయితే ఇల్లే అంటుకుంటుంది. మూత ఉన్న ఇనుప డబ్బాలోకి ఎత్తి ఇంటి బయట పెట్టండి.

తెలుగు ఇళ్లలో ఇలాంటివి ఉండేవా?

ఉండేవి కావు, అవసరం పడలేదు. ఇల్లు వెచ్చబెట్టుకునే చలి మనకు లేదు. కుంపట్లో, ఇస్త్రీ పెట్టెలో వేసింది కట్టెబొగ్గు. అది అదే కొలత రాక్షసిబొగ్గు కంటే చాలా తేలిక, పొయ్యి కూడా వంటింట్లోనే. గంపో, గోనెసంచో, పాత డబ్బానో చాలు. ఎవరికీ చూపించాల్సిన పనీ లేదు. ఇల్లెందు దగ్గర 1871లో విలియం కింగ్ బొగ్గు కనుగొన్నాక సింగరేణి గనులు వచ్చాయి. ఆ బొగ్గు రైళ్లకు, మిల్లులకు, తర్వాత కరెంటుకు పోయింది కానీ హాల్లో పెట్టుకునే సామానుగా మారలేదు. కట్టెబొగ్గునూ రాక్షసిబొగ్గునూ ఒకే 'బొగ్గు' అనే మాటతో పిలవడం వల్లే చాలామంది ఈ బొక్కెనను చూసి కుంపటి సామాను అనుకుంటారు.

ఊటీలో ఒక పాత బొక్కెన దొరికింది. లండన్ తీసుకువెళ్లవచ్చా?

ముందు వయసు తేల్చుకోండి. 1972 నాటి చట్టం ప్రకారం ఇండియాలో వందేళ్లు దాటిన పనితనపు వస్తువు పురావస్తువు కిందికి వస్తుంది, అది ఇంగ్లండులో తయారైనా సరే. పురావస్తువును ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. వందేళ్లు నిండలేదనుకుంటే ఆర్కియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా నుంచి పురావస్తువు కాదన్న ధ్రువపత్రం తీసుకుని బయలుదేరండి. విమానాశ్రయంలో అధికారితో శతాబ్దాల గురించి వాదించడం మంచి పని కాదు.

దీనిలో పళ్లు, చిరుతిళ్లు పెట్టుకోవచ్చా?

వద్దు. పాత అతుకుల్లో, రంగుల్లో సీసం ఉండవచ్చు. కట్టెలు, పత్రికలు, ఉన్ని ఉండలు, పిల్లల బొమ్మలు అన్నిటికీ బాగుంటుంది. మొక్క పెట్టాలంటే లోపల ప్లాస్టిక్ కుండీ పెట్టండి, తడి మట్టి నేరుగా వేస్తే అడుగు అతుకు రెండేళ్లు నిలవదు.

లోపలి సొట్టలు తీయించాలా?

చాలామంది తీయిస్తారు, నేను తీయించను. మా హాల్లో ఉన్న రాగి బొక్కెనలో వెనక గోడకు కుడివైపునే సొట్టలన్నీ ఉన్నాయి, ఎడమవైపు ఒక్కటీ లేదు. బొక్కెనను పొయ్యికి ఒకే పక్కన పెట్టి, ఒకే చేతివాటంతో ఎవరో ఏళ్ల తరబడి పార వేసి ఉంటారు. ఇంటికి వచ్చినవాళ్లు మెరిసే మూతిని చూసి బాగుందంటారు. నేను టార్చి వేసి లోపల చూపిస్తాను.